నా నాలుక దారి వేరు

అన్నం అడుగంటిందంటే మా ఇంట్లో అందరికీ విసుగు, నాకు మాత్రం సంబరం. మిగతావాళ్లు పైపైన తెల్లటి మెతుకులు తోడుకుని వెళ్లిపోయేవాళ్లు. గిన్నె అడుగున ఎర్రగా వేగి, అంచుల దగ్గర కాస్త నల్లబడిన ఆ చెక్క కోసం నేను పొయ్యి పక్కనే కాచుకుని ఉండేవాణ్ని. అట్లకాడతో గీరితే పెళ్లలుగా లేచి వచ్చేది. కొరికితే కరకరమనేది, నమిలేకొద్దీ తియ్యగా ఉండేది, ఆ తీపి వెనకే సన్నటి చేదు తగిలేది. మెత్తటి అన్నంలో ఆ రుచి ఎంత వెతికినా దొరకదు.

అమ్మకి ఇది అస్సలు నచ్చేది కాదు. "మంచి అన్నం ఇంతుంటే మాడింది తింటావేంట్రా!" అని గిన్నె లాక్కుని నీళ్లు పోసేసేది. ఇంటికి ఎవరైనా వస్తే ఇంకా కంగారు పడేది. పిల్లాడికి మాడన్నం పెడుతున్నారని అనుకుంటారేమోనని భయం. అమ్మమ్మ మా ఇంట్లో ఉన్న రోజుల్లో మాత్రం నాకు అడ్డు ఉండేది కాదు. ఇదేం ఇష్టం అని ఆవిడ ఎన్నడూ అడగలేదు. గిన్నెని పొయ్యి మీద ఇంకొంచెం సేపు ఉంచి, అడుగు ఎర్రబడ్డాక దించి, అందరి భోజనాలూ అయ్యాక ఆ చెక్కంతా నా కంచంలోకి గీరేది. నాకోసం కావాలని అన్నం మాడ్చింది ఆవిడొక్కరే.

ఆ చెక్కని ఇష్టపడేవాళ్లు లోకంలో ఎంతమంది ఉన్నారో పెద్దయ్యాక తెలిసింది. ఇరాన్‌లో దాన్ని తహ్‌దీగ్ అంటారు. గిన్నెని పళ్లెంలోకి బోర్లించి, ఆ ఎర్రటి పొర పైకి కనిపించేలా అతిథుల ముందు పెడతారు. కొరియాలో అది నురుంజి. దానిలో నీళ్లు పోసి కాచి, భోజనం చివర్లో వేడివేడిగా తాగుతారు. స్పెయిన్‌లో పాయెయ్యా అనే అన్నం వంటకం వండేవాళ్లకి అడుగున సొకర్రాట్ అనే ఈ చెక్క కట్టకపోతే ఆ వంట కుదరనట్టే. మా ఇంట్లో నీళ్లు పోసి నానబెట్టేసినదాన్ని ఇంకో ఇంట్లో ఇష్టంగా వడ్డిస్తారు. ఇది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అసలు గిన్నె అడుగున జరిగేదేమిటో చదివినప్పుడు ఇంకా ముచ్చటేసింది. నీళ్లున్నంతసేపూ అన్నం వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. నీళ్లు ఇంకిపోయాక అడుగు మాత్రం అక్కణ్నుంచి పైకి వేడెక్కుతూ పోతుంది. 140 డిగ్రీల దరిదాపుల్లో గింజలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి, అంతకుముందు ఆ గింజలో లేని వాసనలూ రుచులూ పుట్టిస్తాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ దీని గురించి రాశాడు కాబట్టి మయార్ చర్య అన్న పేరు వచ్చింది. కాఫీ గింజ వేగినప్పుడు వచ్చే ఘుమఘుమకీ, రొట్టె పైపొర ఎర్రదనానికీ మూలం ఇదే.

రొట్టె మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, బ్రెడ్ ప్యాకెట్‌లో రెండు చివర్లా ఉండే గట్టి ముక్కలు నావి. అందరూ వాటిని పక్కకి తోసి లోపలి మెత్తటి ముక్కలు లాగుతారు. ఆ మెత్తదనంలో నాకు పెద్దగా రుచి తెలియదు. కాచిన పాల మీద కట్టే మీగడ తరక కూడా నాదే. గ్లాసెత్తగానే అది పెదవికి తగిలితే మా తమ్ముడు తాగినదంతా ఉమ్మేసేవాడు. నేను వేలితో తీసి నాలుక మీద వేసుకునేవాణ్ని. పాలు వేడెక్కినప్పుడు పైనున్న నీరు ఆవిరై, అక్కడి ప్రోటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని, మధ్యలో కొవ్వుని ఇరికించుకుని పొర కడతాయి. తమ్ముడికి దాని రుచితో పేచీ లేదు. తాగుతుంటే మధ్యలో జారుడుగా ఏదో అంటుకోవడమే వాడికి వెగటు. ఇప్పటికీ పాలు వడకట్టుకునే తాగుతాడు. వాణ్ని ఎవరైనా ఆటపట్టిస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే ఆ వెగటు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాకు కొత్తిమీర పడదు.

ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ల ముఖాలు మారిపోతాయి. వంటకి ప్రాణమే అది కదా, అది నచ్చకపోవడమేంటి అంటారు. నాకు మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ అది సబ్బు. ఒక్క ఆకు నోట్లో పడితే చాలు, నాలుకంతా సబ్బు రుచి. ఆ ముద్దలో ఇంకేం ఉన్నా తెలియదు. అందుకే తినబోయే ముందు ఒక్కో ఆకూ ఏరి కంచం అంచున పెట్టేవాణ్ని. నాన్న అది చూసి, "తింటూ ఉంటే అదే అలవాటవుతుంది" అనేవారు. బంధువుల ఇళ్లలో అయితే సన్నగా తరిగి సూప్‌లో కలిపేసి, "ఇందులో లేదు, తిను" అని నమ్మబలికేవాళ్లు. మొదటి చెంచాకే నాకు తెలిసిపోయేది. నేను గిన్నె పక్కన పెట్టేస్తే, "కనిపించకపోయినా పేచీయే" అనేవాళ్లు. కనిపించకుండానే వీడు పట్టేస్తున్నాడంటే నిజంగా ఏదో ఉండి ఉంటుందని ఒక్కరికీ తోచలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ గుర్తుంది. తిండి మానేసినందుకు తిట్టినా ఇంత అనిపించేది కాదు. ఉన్నదున్నట్టు చెప్తుంటే అబద్ధమనుకోవడం పిల్లలకి చాలా పెద్ద దెబ్బ.

అబద్ధం కాదని తర్వాత తేలింది. కొత్తిమీర వాసనకి మూలమైన వాటిలో ఆల్డిహైడ్లనే పదార్థాలు ముఖ్యమైనవి. సబ్బుల్లోనూ, కొన్ని పురుగులు వదిలే వాసనలోనూ ఇదే కుటుంబానికి చెందినవి ఉంటాయి. 2012లో వేలాదిమంది జన్యువుల్ని పరిశీలించి చూస్తే, సబ్బు వాసన వేస్తుందన్నవాళ్లకీ మిగతావాళ్లకీ మధ్య, వాసనల్ని పసిగట్టే జన్యువులున్న ఒకచోట తేడా కనిపించింది. అక్కడున్న ఓఆర్6ఏ2 అనే జన్యువు ఇలాంటి ఆల్డిహైడ్లకి బాగా స్పందిస్తుంది. అయితే అంతా జన్యువుల చేతిలోనే లేదు. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనంలో కొత్తిమీర నచ్చనివాళ్లు కొన్ని జనసమూహాల్లో 3 శాతమే ఉంటే, కొన్నింట్లో 21 శాతం దాకా ఉన్నారు. కొత్తిమీర ఎక్కువగా వాడే వంటలున్న చోట దాన్ని వద్దనేవాళ్లు తక్కువ. అంటే అలవాటు గురించి నాన్న అన్నదాంట్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఆ అలవాటు అందరి విషయంలోనూ పనిచేయదు.

అమెరికాలో ఫ్రెంచి వంటని ఇంటింటికీ చేర్చిన జూలియా చైల్డ్ 2002లో ఒక టీవీ ఇంటర్వ్యూలో తనకి కొత్తిమీర పడదని, కనిపిస్తే ఏరి పారేస్తానని చెప్పారు. జీవితమంతా వంటకే ఇచ్చిన మనిషి అలా అన్నారని చదివాక నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఇంకో సంగతి కూడా తెలిసింది. ఆకుని మెత్తగా నూరితే ఆకులోని ఎంజైములే ఆ ఆల్డిహైడ్లని మార్చేస్తాయి, వాసన తగ్గిపోతుంది. అమ్మమ్మకి ఈ రసాయన శాస్త్రం తెలిసే వీల్లేదు. కానీ అందరికీ ఆకు తరిగి వేసినా, నా వాటాకి మాత్రం నూరిన ముద్ద రవ్వంత కలిపి, "ఇలా చూడు, లేకపోతే మానెయ్ నాన్నా" అనేది. అలా అయితే నేను తినగలిగేవాణ్ని. మానేసే వీలు కూడా ఇచ్చింది కాబట్టే రుచి చూశానని నా నమ్మకం.

మా అక్కది ఇంకో కథ. చేదు విషయంలో నేనూ అక్కా ఉత్తర దక్షిణ ధ్రువాలం. చక్కెర దాదాపు లేని నల్ల చాక్లెట్, పాలు కలపని కాఫీ, కమలాపండు తొక్క కింద ఉండే తెల్లటి పొర ఇవన్నీ నాకు ఇష్టం. చాలామంది ఆ పొరని గోటితో గీకి పారేస్తారు, నేను తొనతోపాటే తింటాను. చల్లారిపోయిన కాఫీ కూడా నాకు వేడి కాఫీ కంటే నచ్చుతుంది, వేడి తగ్గాక దానిలోని చేదూ పులుపూ విడివిడిగా తెలుస్తాయి. అక్కకి చేదు గాలి సోకినా పడదు. ముఖ్యంగా క్యాబేజీ. ఒకే గిన్నెలో ఉడికిన కూర నాకు కమ్మగా, కాస్త తియ్యగా ఉండేది. అక్క ఒక్క ముద్దకే కళ్లనీళ్లు పెట్టుకునేది.

కంచం ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవకూడదని నాన్న నియమం. ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క ఆ క్యాబేజీ ముందు కూర్చుంది. మేమంతా లేచి వెళ్లాం, ఆటలాడుకుని వచ్చాం, లైట్లు వేసే వేళయింది, అక్క ఇంకా అక్కడే ఉంది. కూర చల్లారి, కంచంలో నీరు దిగింది. నేను తన కంచంలోంచి తినేద్దామని చెయ్యి పెట్టబోతే నాన్న చూసి వద్దన్నారు. నాన్న కఠినుడు కాదు. తిండి పారేయడం ఆయన తట్టుకోలేరు, పిల్లలు ఏదైనా తినగలగాలన్నది ఆయన కోరిక. కానీ ఆ సాయంత్రం తర్వాత అక్క క్యాబేజీతోపాటు ఆ వాసన వచ్చే ప్రతిదాన్నీ వదిలేసింది.

ఈ తేడా నాలుకలోనే ఉంటుందని కనిపెట్టిన తీరు నాకు చాలా ఇష్టమైన సంగతి. 1930ల మొదట్లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ల్యాబ్‌లో ఒక పొడిని సీసాలోకి పోస్తుంటే కొంత గాలిలోకి లేచింది. పక్కన పనిచేస్తున్నతను నోరంతా చేదైపోయిందన్నాడు. ఫాక్స్‌కి ఏమీ తెలియలేదు. వాదించుకుని, చివరికి ఇద్దరూ ఆ పొడిని నాలుక మీద వేసుకుని చూశారు. ఒకరికి భరించలేని చేదు, ఇంకొకరికి ఏ రుచీ లేదు. ఆ పొడినే పొట్టిగా పీటీసీ అంటారు. దాని చేదు తెలియడమూ తెలియకపోవడమూ తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వస్తుందని త్వరలోనే తేలింది. దానికి కారణమైన జన్యువుని, టీఏఎస్2ఆర్38ని, 2003లో గుర్తించారు. క్యాబేజీ, బ్రకోలీ కుటుంబానికి చెందిన కూరల్లోని కొన్ని చేదు పదార్థాలు పీటీసీని పోలినవే. ఒక తల్లి కడుపున పుట్టిన పిల్లల్లో కూడా ఒకరికి ఈ చేదు గట్టిగా తెలిసి, ఇంకొకరికి తెలియకపోవచ్చు. ఆ ఆదివారం నా కంచంలో ఉన్న కూరా అక్క కంచంలో ఉన్న కూరా ఒకటి కాదన్నమాట.

2006లో వచ్చిన ఒక అధ్యయనంలో బడికి వెళ్లే వయసు రాని పిల్లలకి సూప్ ఇచ్చారు. ఒక్కోసారి వాళ్ల మానాన వదిలేశారు, ఒక్కోసారి మాత్రం సూప్ పూర్తి చెయ్యమని పదేపదే చెప్పారు. బలవంతం లేనప్పుడే పిల్లలు ఎక్కువ తిన్నారు. చెప్పించుకున్నప్పుడు తక్కువ తిన్నారు, పైగా బాగోలేదనడమూ అప్పుడే ఎక్కువ. ఇది నేను నాన్నకి చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాతి నెలలో అక్క వస్తోందని తెలిసి ఆయనే వంటింట్లోకి వెళ్లి, "అది వచ్చినన్నాళ్లూ క్యాబేజీ తేవద్దు" అని అమ్మతో చెప్పారు. అక్కకి ఈ సంగతి నేనే చెప్పాను. ఫోన్‌లో కాసేపు ఏడ్చింది.

పుట్టుకతో వచ్చిన అయిష్టాలు కొన్నయితే, ఒక్క రాత్రిలో వచ్చేవి కొన్ని. ఉడకబెట్టిన కోడిగుడ్డంటే నాకు చిన్నప్పుడు ఎంతో ఇష్టం. ఒకరోజు తిన్నాక జ్వరం వచ్చి రాత్రంతా వాంతులయ్యాయి. గుడ్డులో ఏ తప్పూ లేదు, ఇంట్లో అందరూ తిన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. నాకు తగిలిన జ్వరం వేరే. ఇది నాకు తెలుసు, బుర్రకి తెలుసు, కడుపు మాత్రం ఒప్పుకోదు. ఆ పచ్చసొన వాసన ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. 1955లో జాన్ గార్సియా, ఆయన సహచరులు ఎలకలకి తియ్యటి శాకరిన్ నీళ్లు తాగించి, వాటి మీద గామా కిరణాలు పంపారు. ఆ కిరణాలవల్ల కడుపులో తిప్పిన ఎలకలు ఆ తర్వాత తియ్యటి నీళ్లు తాగడం బాగా తగ్గించేశాయి. తిన్నదానికీ తర్వాత వచ్చిన వికారానికీ మధ్య గంటలు గడిచినా శరీరం ఆ రెంటినీ ముడి పెట్టేస్తుంది. ఇలా పడిన ముడి ఊడటం చాలా కష్టం.

దీనికి సంబంధించి ఒక విషయం చదివినప్పటి నుంచీ నా మనసులో ఉండిపోయింది. 1978లో ఐలీన్ బెర్న్‌స్టైన్ అనే శాస్త్రవేత్త, క్యాన్సర్ చికిత్స తీసుకుంటున్న పిల్లలకి కీమో ఇచ్చేముందు ఒక కొత్త రకం ఐస్‌క్రీమ్ పెట్టి చూశారు. తర్వాత ఎంచుకోమంటే వాళ్లలో చాలామంది ఆ ఐస్‌క్రీమ్ వద్దన్నారు. మందు వల్లే వికారమని తెలిసే వయసున్న పిల్లలు కూడా అంతే. పిల్లలు ఫలానాది వద్దంటే గారాబమని కొట్టిపారేసేవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఆ పిల్లలే గుర్తొస్తారు.

కారం గురించి చెప్పాలంటే నాకు గుర్తొచ్చేవన్నీ పందాలే. కాలేజీ రోజుల్లో ఎవరు ఎంత కారం తినగలరో చూసుకోవడం ఒక ఆట. నేను ఆడనని చెప్తే పిరికివాణ్నన్నట్టు చూసేవాళ్లు. నేను కారం తక్కువ తింటాను. తినలేకపోవడం ఒక్కటే కారణం కాదు, కారం ఎక్కువైతే మిగతా రుచులు నాకు అందవు. మిరపలోని క్యాప్సైసిన్ నాలుక మీది రుచి మొగ్గలతో మాట్లాడదు, వేడినీ నొప్పినీ పసిగట్టే నరాలని తాకుతుంది. అక్కడుండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం మామూలుగా 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకుంటుంది, క్యాప్సైసిన్ దాన్ని వేడి లేకుండానే తెరిచేస్తుంది. 1997లో దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఆ మంటని ఆనందించేవాళ్ల ఆనందం నిజమైనదే. నా మంట కూడా అంతే నిజం. నీళ్ల కంటే పాలు ఎందుకు మేలు చేస్తాయో కూడా అప్పుడే అనుభవంలో నేర్చుకున్నాను. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, పాలలోని కేసీన్ దాన్ని పట్టుకుని తీసుకుపోతుంది.

తీపి విషయం తొందరగా చెప్పేస్తాను. పుట్టినరోజు కేకులో పైన క్రీమ్ అంతా తీసేసి కింది స్పాంజి మాత్రం తింటాను. పిల్లలు ఆ క్రీమ్ కోసమే నా పక్కన కూర్చుంటారు, అది అందరికీ బాగానే కుదురుతుంది. ఐస్‌క్రీమ్ కరిగిపోతే నాకు మరీ తీపి. చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుంది కాబట్టి దానిలో చక్కెర గట్టిగానే వేస్తారు, కరిగాక ఆ చక్కెరంతా ఒక్కసారి బయటపడుతుంది. కూల్ డ్రింక్ అయితే మూత తీసి వదిలేసి, గ్యాస్ పోయాక తాగడమే నాకిష్టం. ఆ బుడగలు నాలుక మీద గుచ్చుకుంటాయి, వాటి కోసమే డబ్బులు పెట్టేవాళ్లున్నారని తెలుసు. ఐసు ముక్కలు వద్దని ఎక్కడికి వెళ్లినా ముందే చెప్తాను.

బయట తినడం దగ్గరికి వస్తే నా ఇష్టాలు ఇంకా తక్కువమందికి నచ్చుతాయి. నాకు ఒంటరిగా తినడం ఇష్టం. మొదటిసారి ఒక్కణ్నే హోటల్లోకి వెళ్లినప్పుడు, "ఎంతమంది సార్?" అని అడిగి, ఒక్కణ్నే అనగానే బాత్రూమ్ పక్కన ఉన్న చిన్న టేబుల్ చూపించారు. కిటికీ పక్కన ఖాళీగా ఉన్నదాన్ని చూపిస్తూ అక్కడ కూర్చుంటానన్నాను. కాసేపు తటపటాయించి ఒప్పుకున్నారు. ఆ భోజనం నాకు ఇప్పటికీ గుర్తుంది. మాట్లాడాల్సిన పని లేదు, ఎవరి ముద్ద వేగంతోనూ నా ముద్ద వేగం కలపాల్సిన పని లేదు. రొట్టె అంచు ఎక్కడ మెత్తబడిందో, పులుసులో పులుపు ఎప్పుడు నాలుకకి తగిలిందో అన్నీ తెలిశాయి. ఒంటరిగా తినేవాళ్లని చూసి జాలిపడేవాళ్లు ఆ నిమ్మళం ఎరగరు. పెళ్లయ్యాక కూడా నేను అప్పుడప్పుడూ ఒక్కణ్నే వెళ్లి తిని వస్తాను. మా ఆవిడ మొదట్లో నొచ్చుకుంది. తర్వాత తనూ ఒక్కతే వెళ్లి తినొచ్చి, ఆ రోజు మంచి హుషారుగా ఉంది. అప్పటి నుంచీ ఈ విషయంలో మా మధ్య మాటే రాలేదు.

పెద్ద శబ్దంతో పాటలు పెట్టే చోట నేను తినలేను. సంగీతం మీద నాకే కోపమూ లేదు, నిజంగానే రుచి తగ్గుతుంది. 2015లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో కొందరికి విమానం లోపల ఉండేంత హోరు, దాదాపు 85 డెసిబెల్స్, చెవుల్లో వినిపిస్తూ రుచులు చూపించారు. ఆ హోరులో తీపి తగ్గినట్టూ, టమాటాలో ఉండే ఉమామి అనే కమ్మటి రుచి పెరిగినట్టూ తేలింది. నాలుక ముందుభాగం నుంచి రుచిని మోసుకెళ్లే నరం మధ్యచెవిలోంచే పోతుంది. విమానంలో మామూలుగా టమాటా రసం ముట్టనివాళ్లు కూడా అడిగి తాగడానికి ఇదొక కారణం కావచ్చంటారు. చెవులు హోరెత్తుతున్న చోట వంటవాడు ఎంత జాగ్రత్తగా ఉప్పూ తీపీ సరిచూసినా, ఆ శ్రమ నా దాకా చేరదు. వంటవాడికి అది అన్యాయం.

బఫే కూడా నాకు పడదు. ఇది వినగానే స్నేహితులు తెల్లబోతారు, అన్ని రకాలుంటే మంచిదే కదా అంటారు. ఒక రుచితో కడుపు నిండాక దాని మీద మోజు తగ్గడం సహజం. ఇంకో రుచి ఎదురైతే ఆకలి మళ్లీ లేచి కూర్చుంటుంది. 1980ల మొదట్లో బార్బరా రోల్స్, ఆమె సహచరులు చేసిన ప్రయోగాల్లో ఒకే రకం పెట్టినప్పటి కంటే రకరకాలు పెట్టినప్పుడు జనం ఎక్కువ తిన్నారు. నా విషయంలో జరిగేదీ అదే. బయటికొచ్చాక బరువు తప్ప ఏ ఒక్క రుచీ గుర్తుండదు. నాకు ఒక్క వంట చాలు, అది బాగుండాలి. అందుకే నచ్చిన చోట ప్రతిసారీ అదే తెమ్మంటాను. "మళ్లీ అదేనా?" అని పక్కవాళ్లు అడుగుతారు. అదే పాటని వందసార్లు వినేవాళ్లని మనమెవరం ఆపం కదా.

అన్నిటికంటే కష్టమైంది ఒకరి ప్లేటు ఒకరు రుచి చూసుకోవడం. అందరూ అన్నీ మధ్యలో పెట్టుకుని కలిసి తినడంలో ప్రేమ ఉందని తెలుసు, వాళ్లని చూస్తుంటే ముచ్చటగానే ఉంటుంది. కానీ నేను ఒక వంటని మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా తింటేనే అది నాకు అర్థమవుతుంది. మధ్యలో వేరే రుచి వచ్చి పడితే ఆ వరస తెగిపోతుంది. "నీదొకసారి చూడనా?" అని చెంచా వచ్చినప్పుడు ప్లేటు ముందుకి జరుపుతాను, పిసినారితనం నాకు లేదు. "నాది కూడా చూడు" అన్నప్పుడు మాత్రం వద్దంటాను. ఎన్నో ఏళ్లు మొహమాటానికి తిన్నాను. ఇప్పుడు నవ్వుతూనే వద్దని చెప్పడం వచ్చింది.

ఎవరైనా భోజనానికి పిలిస్తే కొత్తిమీర, గుడ్డు నాకు పడవని ఇప్పుడు ముందే చెప్పేస్తాను. చిన్నప్పుడు పేచీ అన్న మాట పడ్డాను కాబట్టి మొదట్లో చెప్పడానికి నోరు వచ్చేది కాదు. కానీ ముందే చెప్తే వండేవాళ్లకే మేలు, వడ్డించాక ఏరుకుంటుంటే వాళ్లు నొచ్చుకుంటారు. ఇలా ఒకసారి ఫోన్‌లో చెప్తుంటే ఎన్నో ఏళ్లుగా తెలిసిన స్నేహితుడు గొంతు తగ్గించి, "నాకు చాక్లెట్ పడదు" అన్నాడు. ఇన్నేళ్లూ పార్టీల్లో చాక్లెట్ కేకు ప్లేటులో పెట్టించుకుని, ఎవరూ చూడకుండా టిష్యూలో చుట్టి పడేసేవాడట. చాక్లెట్ నచ్చదంటే ఎవరూ నమ్మరని వాడి బాధ. నేను నమ్మాను.

అప్పటి నుంచీ మేమిద్దరం కలిసి తినడానికి వెళ్తున్నాం. మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెళ్తాం, కిటికీ పక్కన కూర్చుంటాం, ఎవరి ప్లేటు వాళ్లదే. వాడు మెనూ అంతా చదివి ప్రతిసారీ కొత్తది తెమ్మంటాడు, నేను పాతదే. కాఫీలు తెచ్చాక వాడిది వేడిగా ఉండగానే అయిపోతుంది, నాది చల్లారేదాకా వాడు కూర్చుని కబుర్లు చెప్తాడు. వచ్చే వారం ఇంకో కొత్తచోటికి వెళ్దామంటున్నాడు. పాటలు గట్టిగా పెడతారేమో ముందే ఫోన్ చేసి కనుక్కుంటానన్నాడు.